పేరు దాచుకోవచ్చు, లేని అర్హత చెప్పుకోకూడదు

ఆన్‌లైన్‌లో కలిసి చదువుకునే గ్రూపుల్లో మారుపేర్లు, దొంగ ప్రొఫైళ్లు, రెండో అకౌంట్ల గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. రాసినవాళ్ల పేర్లు, వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: ఉద్యోగం మానేసిన చాలా ఏళ్లకు మళ్లీ ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని ఒక ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. మొదట నా పేరుతోనే చేరాను. డౌట్ అడిగితే జవాబు రాకముందే ఇన్‌బాక్స్‌లోకి హాయ్‌లు వచ్చి పడేవి, జవాబిచ్చేవాళ్లు కూడా చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పేవాళ్లు. విసుగొచ్చి ఆ అకౌంట్ మూసేసి మగపేరుతో ఇంకోటి తెరిచాను. అప్పట్నుంచి హాయిగా ఉంది. అడిగినదానికి సూటిగా చెబుతున్నారు, నేనూ బాగా నేర్చుకున్నాను. ఇప్పుడు అడ్మిన్లు నన్ను మెంటర్‌గా ఉండి వీడియోలో క్లాసులు చెప్పమంటున్నారు. నిజం తెలిస్తే ఇన్నాళ్లూ మోసం చేశావంటారేమోనని టెన్షన్. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని మీరు చాలాకాలంగా ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

మీకంటే రెండు వందల ఏళ్ల ముందే ఒకామె ఇదే పని చేసింది. సోఫీ జెర్మేన్ అనే గణితవేత్త 1776లో పారిస్‌లో పుట్టింది. 1794లో అక్కడ ఎకోల్ పాలిటెక్నిక్ అనే ఉన్నత విద్యాసంస్థ మొదలైంది కానీ ఆడవాళ్లను చేర్చుకోలేదు. ఆమె లెక్చర్ నోట్సు ఎలాగో సంపాదించి ఇంట్లోనే చదువుకుని, లెబ్లాంక్ అనే మగ విద్యార్థి పేరుతో తన రాతలను అక్కడ పాఠాలు చెప్పే గణితవేత్త లగ్రాంజ్‌కు పంపింది. వాటిలో పస చూసి, రాసింది ఎవరా అని ఆయన ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది, ఆయన ఆమెను ఇంకా ప్రోత్సహించాడు. 1804లో అదే పేరుతో జర్మన్ గణితవేత్త గౌస్‌కు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. 1806లో ఫ్రెంచి సైన్యం గౌస్ ఉంటున్న బ్రన్స్‌విక్‌ను పట్టుకున్నప్పుడు ఆయన ప్రాణానికి ఏమవుతుందోనని భయపడి, ఇంటివాళ్లకు తెలిసిన ఒక సేనాధిపతికి చెప్పి ఆయన క్షేమం కనుక్కోమంది. దాంతో గుట్టు బయటపడింది. 1807 ఏప్రిల్‌లో గౌస్ రాసిన జవాబులో కోపమన్నది లేదు. అడుగడుగునా అడ్డంకులున్నా ఒక స్త్రీ ఇంత లోతుకు వెళ్లిందంటే ఆమెకు అసాధారణమైన ధైర్యం, ప్రతిభ ఉండి తీరాలని మెచ్చుకున్నాడు. గౌస్‌కు కోపం ఎందుకు రాలేదో ఆలోచించండి. ఆయన నమ్మింది ఆ కాగితం మీది గణితాన్ని, అది పూర్తిగా ఆమెదే. పేరు మారినంత మాత్రాన ఆయనకు చేరినదాంట్లో అబద్ధం ఏదీ లేదు.

మీ కోడ్ కూడా మీదే కదా.

ఇంతెందుకు, మీకు జరిగింది మీ ఊహ కాదని చెప్పే పరిశోధనలు కూడా ఉన్నాయి. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు సహాయక బోధకులు, ఒకరు మగ, ఒకరు ఆడ, ఒక్కో బ్యాచ్‌కు తమ పేరుతో, ఇంకో బ్యాచ్‌కు రెండోవాళ్ల పేరుతో పాఠం చెప్పారు. ముఖాలు కనపడవు కాబట్టి విద్యార్థులకు తెలియలేదు. మార్కులు అందరికీ ఒకే సమయంలో ఇచ్చినా, ఎంత త్వరగా ఇచ్చారు అన్న ప్రశ్నకు మగపేరుకు 5కి 4.35, ఆడపేరుకు 3.55 వేశారు. విద్యార్థులు 43 మందే, చిన్న అధ్యయనం, దాన్నిబట్టి ప్రపంచమంతా ఇలాగే ఉందని నేను అనను. కానీ 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకా పెద్ద ఎత్తున, 124 ఆన్‌లైన్ కోర్సుల చర్చల్లో కల్పిత విద్యార్థుల పేర్లతో వ్యాఖ్యలు పెట్టి చూస్తే, తెల్లజాతి మగవాడిదనిపించే పేరుకు టీచర్ జవాబిచ్చే అవకాశం మిగతావాళ్లకంటే 94 శాతం ఎక్కువగా కనిపించింది. మాటలు అవే, మారింది పేరు ఒక్కటే. చదువు దక్కడానికి పేరు అడ్డమైన చోట పేరు మార్చుకున్న మనిషిని నేను తప్పుపట్టలేను. మిమ్మల్ని అక్కడిదాకా నెట్టిన గ్రూపును తప్పుపడతాను.

అయితే రెండు సంగతులు మీరే చూసుకోవాలి. ఆ మగపేరు చుట్టూ కథ ఏమైనా అల్లారా? అంటే ఫలానా కంపెనీలో చేశాననో, నాకూ భార్యాపిల్లలున్నారనో. అల్లకపోతే మంచిదే. అల్లి ఉంటే, ఆ కథ నమ్మి ఎవరైనా మీతో మనసు విప్పి సొంత విషయాలు చెప్పుకున్నారేమో గుర్తు తెచ్చుకోండి. అలాంటివాళ్లు ఉంటే వాళ్లకు మీరే, విడిగా, అందరికంటే ముందు చెప్పాలి, ఎందుకంటే వాళ్లు మీ కోడ్‌ను కాదు, మిమ్మల్ని నమ్మారు. రెండోది మెంటర్ సంగతి. మెంటర్ అంటే ఇంకొకరి చదువు మీ చేతిలో ఉన్నట్టే, కాబట్టి ఒప్పుకునే ముందే అడ్మిన్లకు చెప్పండి. క్షమాపణ అడిగే ధోరణిలో మాత్రం వద్దు. మొదటి అకౌంట్‌లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి, వీలైతే ఆ మెసేజ్‌లు కూడా చూపించండి, అవి చూడాల్సిన బాధ్యత వాళ్లకుంది. సభ్యులందరికీ ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆ తర్వాత మీ ఇష్టం. వీడియో లేకుండా గొంతుతోనో రాతతోనో క్లాసు చెబుతానంటే అందులో కూడా తప్పేమీ లేదు.

ప్రశ్న: నేను నర్సింగ్ చదువుతున్నాను. పరీక్షలకు చదివేవాళ్ల గ్రూపు ఒకటుంది, అందులో నా ప్రొఫైల్‌లో సీనియర్ డాక్టర్ అని పెట్టుకున్నాను. మొదట సరదాకే పెట్టాను. ఇప్పుడు అందరూ సర్ అంటారు, నేను చెబితే వాదించరు. నేను చెప్పేవన్నీ పాఠ్యపుస్తకాల్లో చూసి చెప్పేవే, ఇంతవరకూ తప్పు చెప్పలేదు. జవాబు సరైనదైనప్పుడు చెప్పినవాడు ఎవరైతేనేం? పై తరగతులవాళ్లు కూడా నా దగ్గర నేర్చుకుంటున్నారు కదా.

జవాబు: జవాబు సరైనదైతే డాక్టర్ అని చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నకు మీలో మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. మీ ఉత్తరంలోనే ఉంది అది, నేను చెబితే వాదించరు అన్నారు. వాళ్లు మీ జవాబును పరీక్షించడం మానేశారు, మానేయడానికి కారణం మీరు పెట్టుకున్న ఆ రెండు మాటలు. చదువుకునే చోట అంతకంటే పెద్ద నష్టం నాకు తోచడం లేదు.

వికీపీడియాలో ఇలాగే జరిగింది. ఎస్‌జే అనే మారుపేరుతో చాలా పేరు, పెద్ద బాధ్యతలు సంపాదించిన ఒక సభ్యుడు తాను మతశాస్త్రం బోధించే ప్రొఫెసర్‌నని, డాక్టరేట్లు ఉన్నాయని చెప్పుకునేవాడు. 2006లో న్యూయార్కర్ పత్రిక వికీపీడియా మీద రాసిన పెద్ద వ్యాసంలో ఆయన్ని అలాగే పరిచయం చేసింది. తీరా చూస్తే ఆయన ఇరవై నాలుగేళ్ల యువకుడు, ఆ డిగ్రీలేవీ లేవు. 2007లో ఇది బయటపడ్డప్పుడు వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ మొదట దీన్ని మారుపేరు కిందే లెక్కేసి, తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. తర్వాత, వ్యాసాల్లో ఏం ఉండాలన్న వాదనల్లో కూడా ఆ సభ్యుడు ఆ లేని డిగ్రీలను చూపించి నెగ్గడానికి చూశాడని తెలిసి, బాధ్యతల నుంచి తప్పుకోమన్నాడు. వేల్స్ మనసు మారిన ఆ చోటే గీత ఉంది. పేరు దాచుకుంటే ఎవరి తీర్పూ మారదు. లేని అర్హత చూపిస్తే అవతలివాడు తన బుద్ధిని పక్కనపెట్టి మీ మాట తీసుకుంటాడు, ఆ తీసుకున్నది రేపు తప్పని తేలినా ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకోవడానికి అతని దగ్గర ఏమీ ఉండదు.

పైగా మీది వైద్యం. మీ గ్రూపులో ఎవరో ఒకరు ఇంట్లోవాళ్ల జబ్బు గురించి, మందు మోతాదు గురించి మిమ్మల్ని అడిగే ఉంటారు. అడగలేదంటే నేను నమ్మలేను, డాక్టర్ అని రాసి ఉన్న చోట అడగని మనిషి ఉండడు. పుస్తకంలో చూసి చెప్పిన మోతాదు ఆ రోగి వయసుకి, కిడ్నీలకి, వాడుతున్న ఇతర మందులకి సరిపోతుందో లేదో చూడటానికి శిక్షణ, లైసెన్సు కావాలి. మీకింకా ఆ రెండూ లేవు.

కాబట్టి ఈ పత్రిక పక్కన పెట్టి ప్రొఫైల్ మార్చండి. నర్సింగ్ విద్యార్థి అని పెట్టండి, అది చిన్నతనమేమీ కాదు. గ్రూపులో నాలుగు వాక్యాలు రాయండి: నేను డాక్టర్‌ను కాదు, విద్యార్థిని, నా పాత జవాబులను పుస్తకంతో సరిచూసుకోండి, మందుల గురించి నేను చెప్పింది ఎవరైనా పాటిస్తుంటే వెంటనే డాక్టర్‌ని అడగండి. మందుల గురించి అడిగినవాళ్లు గుర్తుంటే వాళ్లకు విడిగా మెసేజ్ పెట్టండి. అవమానం భరించలేక అకౌంట్ మూసేసి మాయమైపోవాలని అనిపిస్తుంది, ఆ పని మాత్రం చేయకండి. మీరు పోయినా మీ జవాబులు డాక్టర్ గారు చెప్పినవిగా అక్కడే ఉండిపోతాయి, సరిదిద్దే మనిషి ఉండడు. కొన్నాళ్లు మాటలు పడాల్సి వస్తుంది, పడండి. ఆ తర్వాత కూడా పుస్తకం పేరు, పేజీ చూపించి జవాబులిస్తూ ఉంటే వినేవాళ్లు వింటారు, అప్పుడు ఆ గౌరవం మీదవుతుంది.

ప్రశ్న: భాష నేర్చుకునేవాళ్ల కోసం ఒక గ్రూపు నడుపుతున్నాను. ఎవరూ నోరు విప్పరు. అందుకని వేరే పేర్లతో అకౌంట్లు పెట్టి నేనే ప్రశ్నలడిగి నేనే జవాబిస్తున్నాను. గ్రూపు ఊపందుకుంది. అప్పుడప్పుడూ ఆ అకౌంట్లతో నా జవాబులకు లైకులు కొట్టి, చాలా బాగా చెప్పారని రాస్తుంటాను. ఎవరికీ నష్టం లేదు కదా?

జవాబు: మొదటి పని వెనక మీ ఉద్దేశం అర్థమైంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మొదటి ప్రశ్న అడగడం ఎంత కష్టమో నేర్పే ప్రతివాళ్లకూ తెలుసు. కానీ దానికి దొంగ మనిషి అక్కర్లేదు. చాలామంది కొత్తవాళ్లకు ఈ సందేహం వస్తుంది అని మీ పేరుతోనే ప్రశ్న పెట్టండి. పేరు లేకుండా ప్రశ్న పంపే ఫారమ్ ఒకటి పెట్టి, వచ్చినవాటికి గ్రూపులో జవాబివ్వండి. నిజంగా సిగ్గుపడేవాళ్లు దాంతో బయటికొస్తారు.

రెండో పని అలా కాదు, అది వెంటనే ఆపేయండి. నేర్చుకునేవాడు తన అవగాహన సరైనదో కాదో చుట్టూ ఉన్నవాళ్లను చూసి బేరీజు వేసుకుంటాడు. మీ జవాబు అర్థంకాని ఒక కుర్రాడు కింద నలుగురు బాగా చెప్పారనడం చూసి, అందరికీ అర్థమైంది, నాకే బుర్ర లేదనుకుని నోరు మూసుకుంటాడు. ఆ నలుగురూ మీరే. అంటే ప్రశ్నలు రావడం లేదని మొదలుపెట్టి, రాబోయే అసలు ప్రశ్నను మీరే ఆపుతున్నారు. ఇంకో సంగతి, మీ జవాబులో తప్పుంటే ఎత్తిచూపగలిగినవాడు కూడా అంతమంది ఒప్పుకున్నాక వెనక్కి తగ్గుతాడు.

రెండో అకౌంట్ ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. వికీపీడియా లాంటి చోట కూడా సరైన కారణానికి ఇంకో అకౌంట్ పెట్టుకోనిస్తారు. రెండు గొంతులతో ఒకే వాదనను బలపరచడానికో, రెండు ఓట్లు వేయడానికో వాడితే నిషేధిస్తారు. బాగా తెలిసినవాడిగా పేరున్న మనిషి చిన్న డౌట్ అడగడానికి మొహమాటపడి వేరే పేరుతో అడిగితే ఎవరికీ ఏమీ పోదు. అదే ఒక అకౌంట్‌తో పరీక్ష రాసి, జవాబులు రాబట్టి, ఇంకో అకౌంట్‌తో సర్టిఫికెట్ తీసుకుంటే దొంగతనం. ఇదేదో అరుదైన సంగతి కూడా కాదు. ఎమ్‌ఐటీ, హార్వర్డ్ పరిశోధకులు ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని 115 కోర్సుల రికార్డులు పరిశీలించి, ఈ పద్ధతిలో 1,237 సర్టిఫికెట్లు సంపాదించినట్టు అంచనా వేశారు. ఇరవై, అంతకంటే ఎక్కువ సర్టిఫికెట్లు పోగేసుకున్నవాళ్లలో నాలుగోవంతు మంది ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేసినవాళ్లేనట. నిజంగా కష్టపడి చదివినవాళ్ల కాగితం విలువ కూడా దీంతో పడిపోతుంది.

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ కోర్సులో మాకు ఒక టీచింగ్ అసిస్టెంట్ ఉండేవారు. ఓపిగ్గా జవాబులిచ్చేవారు. పరీక్ష భయం, ఇంట్లో గొడవలు కూడా ఆవిడతో చెప్పుకున్నాను. కోర్సు అయ్యాక తెలిసింది, అది మనిషి కాదు, ఏఐ. స్నేహితులు నవ్వి వదిలేశారు. నాకు మాత్రం కడుపు రగిలిపోతోంది. నాది అతి స్పందనా?

జవాబు: అతి కాదు. మీ స్నేహితులు డెడ్‌లైన్ ఎప్పుడని అడిగి ఉంటారు, మీరు మనసులో మాట చెప్పారు. ఇద్దరికీ ఒకటే దెబ్బ ఎలా తగులుతుంది?

ఈ ప్రయోగం బాగా తెలిసిందే. 2016లో జార్జియా టెక్‌లో అశోక్ గోయెల్ అనే ప్రొఫెసర్ కృత్రిమ మేధ మీద చెప్పే ఆన్‌లైన్ కోర్సులో జిల్ వాట్సన్ అనే పేరుతో ఒక ప్రోగ్రామ్‌ను అసిస్టెంట్ల మధ్య పెట్టి, సెమిస్టర్ చివర్లో గానీ విద్యార్థులకు చెప్పలేదు. ఎక్కువమంది ఆశ్చర్యపోయి సంతోషించారు. అక్కడ కొన్ని జాగ్రత్తలున్నాయి: అది మామూలు, పదేపదే వచ్చే ప్రశ్నలకే జవాబిచ్చేది, 97 శాతం నమ్మకం ఉంటేనే నోరు విప్పేది, చదివేవాళ్లు కూడా కృత్రిమ మేధ గురించి నేర్చుకుంటున్న విద్యార్థులే. అయినా సరే, ముందే చెప్పి ఉండాల్సిందన్నది నా అభిప్రాయం. మీలో ఒక అసిస్టెంట్ యంత్రం, ఎవరో చెప్పం అని మొదటిరోజే అన్నా ప్రయోగానికి వచ్చే నష్టం పెద్దగా ఉండేది కాదు. ఆ తర్వాతి సెమిస్టర్లలో ఆయన కూడా మనిషెవరో యంత్రమెవరో కనిపెట్టండని విద్యార్థులను ఆ ఆటలోకి దింపారు.

ఇంకో చివర ఏముందో 2025లో చూశాం. జ్యూరిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో అభిప్రాయాలు చర్చించుకునే ఒక సమూహంలోకి ఎవరికీ చెప్పకుండా ఏఐ అకౌంట్లను దించారు. అవి అత్యాచార బాధితులుగా, మానసిక గాయాలకు సలహాలిచ్చే కౌన్సెలర్‌గా నటించి మాట్లాడాయి. సంగతి బయటపడ్డాక సమూహం నడిపేవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, ఫలితాలను ప్రచురించబోమని పరిశోధకులు వెనక్కి తగ్గారు. అక్కడ మాట్లాడినవాళ్లు బాధ పంచుకున్న ఒక మనిషితో మాట్లాడుతున్నామనుకున్నారు. అలాంటి మనిషి లేడు.

పైన నేను చెప్పిన పేరు మార్చిన పరిశోధనలూ మోసమే కదా అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. అవి కొంతవరకు మోసమే, నాకు పూర్తి నిశ్చింత లేదు. కానీ అక్కడ దాచింది పేరు, అవతలివాడి గుండెలో మాట బయటికి లాగడానికి వేసిన వేషం కాదు. మీ విషయంలో కోర్సు నడిపినవాళ్లకు ఉత్తరం రాయండి. మీరు చెప్పుకున్న సొంత విషయాలు ఎక్కడ దాచారు, ఎవరు చదివారు, చెరిపేస్తారా అని అడగండి. తర్వాతి బ్యాచ్‌కు మొదటిరోజే చెప్పమని అడగండి. నేర్చుకునేవాడికి పేరు దాచుకునే స్వేచ్ఛ ఎంత ఉండాలంటానో, నేర్పేవాడికి, మార్కులు వేసేవాడికి, వేదిక నడిపేవాడికి అంత తక్కువ ఉండాలంటాను. అధికారం వాళ్లది కదా.

ప్రశ్న: ఇంత గొడవెందుకు, అందరూ గుర్తింపు కార్డు చూపించి అసలు పేరుతోనే చేరాలని రూల్ పెడితే పోదా? మా గ్రూపులో ఇదే పెడదామంటున్నాం.

జవాబు: పోదు. దక్షిణ కొరియా దేశం మొత్తానికీ పెట్టి చూసింది. 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో రాయాలంటే అసలు గుర్తింపు ఇవ్వాల్సిందేనని చట్టం తెచ్చారు. 2011లో అక్కడి రెండు పెద్ద సైట్ల మీద హ్యాకర్లు దాడి చేసి దాదాపు మూడున్నర కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. 2012లో రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. ఒక దేశానికే కార్డులు కాపాడటం చేతకాకపోతే, వాట్సాప్‌లో ఫొటోలు పంపించుకునే మీ గ్రూపు ఎలా కాపాడుతుంది? పైగా ఈ రూల్‌తో మొదట వెళ్లిపోయేది మొదటి ఉత్తరం రాసినావిడ లాంటివాళ్లే. మోసం చేసేవాడు ఇంకొకరి కార్డుతో వస్తాడు.

అర్హత చెప్పుకునేవాళ్లను మాత్రం అడగండి. నేను డాక్టర్‌ని, లాయర్‌ని, ఫలానా పరీక్షలో నెగ్గాను అన్నవాళ్లు ఇద్దరు అడ్మిన్లకు రుజువు చూపిస్తే చాలు, పేరు గ్రూపుకు చెప్పక్కర్లేదు, చూశాక ఆ కాపీ చెరిపేయాలి. రుజువు చూపనివాళ్లు మాట్లాడొచ్చు గానీ అర్హత రాసుకోకూడదు. పిల్లలున్న గ్రూపు అయితే అక్కడ నేర్పే పెద్దవాళ్లందరి వివరాలూ అడ్మిన్ల దగ్గర ఉండి తీరాలి, ఇందులో మొహమాటం వద్దు.

ప్రశ్న: మా గ్రూపులో మారుపేరుతో ఉన్న ఒకరు అసలు ఎవరో అనుకోకుండా కనిపెట్టాను. అందరికీ చెప్పేయాలా?

జవాబు: ఆ మనిషి ఎవరినైనా మోసం చేస్తున్నారా, వేధిస్తున్నారా? లేదంటే మీకు తెలిసింది మీతోనే ఉండనివ్వండి, మీ దగ్గరి స్నేహితుడికి కూడా చెప్పకండి. తను ఎందుకు దాక్కున్నారో మీకు తెలియదు. అవునంటే, ఆ ప్రవర్తనకు సంబంధించిన ఆధారాలు మాత్రమే అడ్మిన్‌కు పంపండి. ఇల్లు, ఉద్యోగం, కుటుంబం వివరాలు అందులో కలపకండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఆన్‌లైన్‌లో ఒక గణితం క్లబ్బులో ఉంది. భయం వేసి, నేనూ విద్యార్థినిలా వేరే పేరుతో అందులో చేరి చూస్తున్నాను. తల్లిగా అది నా బాధ్యతే కదా?

జవాబు: కనిపెట్టుకుని ఉండటం మీ బాధ్యతే, భయపడటంలో కూడా తప్పు లేదు. కానీ అక్కడ మీ అమ్మాయి ఒక్కతే లేదు, మిగతా పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లు తమ వయసు పిల్లతో మాట్లాడుతున్నామని మీతో మాట్లాడుతున్నారు. పిల్లవేషంలో పిల్లల మధ్య తిరిగే పెద్దవాళ్లను చూస్తేనే కదా మీకు భయం. వాళ్ల తల్లిదండ్రులకు మీరు ఎవరో తెలిస్తే ఏమనుకుంటారో ఆలోచించండి. మీ ఉద్దేశం మంచిదని వాళ్లకెలా తెలుస్తుంది?

ఈ రోజే అందులోంచి బయటికొచ్చి, క్లబ్బు నడిపేవాళ్లకు ఫలానా అకౌంట్ నాదేనని రాయండి. పెద్దవాళ్లు ఎవరెవరున్నారు, పిల్లలకు విడిగా మెసేజ్ పెట్టే వీలుందా, ఫిర్యాదు చేస్తే ఎంతసేపట్లో చూస్తారు అని అడగండి. జవాబులు తృప్తిగా లేకపోతే అమ్మాయిని మాన్పించే హక్కు మీకుంది. అమ్మాయికి కూడా మీరే చెప్పండి, ఇంకెవరి ద్వారానో తెలియకముందే. కోప్పడుతుంది, పడనివ్వండి. తర్వాత ఎప్పుడైనా తన స్క్రీన్ మీకు చూపించడానికి ఏం చేస్తే బాగుంటుందో తననే అడగండి, వారానికోసారి పక్కన కూర్చుని తను చేసిన లెక్కలు చూస్తానంటే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు.